లోయ వైపు చూరు

మాఘమాసంలో దేవి బురుజు వైపు తలెత్తి చూడకూడదని శిల్హార్ ఊళ్లో పసిపిల్లలకి కూడా తెలుసు.

మిగతా రోజుల్లో భయమేం లేదు. అమ్మవారు ఇంట్లో ఉంటుంది గదా. కానీ మాఘం మొదట్లో కుల్లూ కొండల్లోని దేవతలందరూ స్వర్గంలో కొలువుకి వెళతారు. ఆమె కూడా వెళుతుంది. అప్పుడు ఆ ఇల్లు ఖాళీ. ఖాళీ ఇంట్లోకి ఎవరొచ్చి కూర్చుంటారో... ఎవరు చెప్పగలరు?

ఈ సంగతిని నలుగురు నాలుగు రకాలుగా చెబుతారు. మంచు ఎంత పడిందన్న దగ్గర తేడా, ఎవరు ముందు అరిచారన్న దగ్గర తేడా. చీలల దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరి మాటా ఒకటే. అందుకని ఆ చీలల దాకా నిదానంగానే వెళదాం.

ముందు ఆ ఇల్లు ఎలాంటిదో తెలియాలి. ఆ బురుజులో పిడికెడు మట్టి లేదు, ఒక్క ఇనుప మేకు లేదు. ఒక వరస దేవదారు దూలం, ఒక వరస రాయి, మళ్లీ దూలం, మళ్లీ రాయి. మూలల్లో దూలాల్ని రెండు చేతుల వేళ్లలా పెనవేసుకుంటూ పైదాకా కట్టుకుపోయారు. భూమి కదిలితే ఊగుతుంది గానీ పడదు. పైన నాలుగు వైపులా కొయ్య వసారా, దానిమీద పలకరాళ్ల కప్పు. ఆ వసారాలోకి ఎక్కడానికి దారి ఒక్కటే. నిలువునా ఆనించిన దేవదారు మాను, దానికి చెక్కిన మెట్లు.

కప్పు చూరు పొడుగునా కొయ్య కుచ్చులు వేలాడుతుంటాయి. గాలి వీస్తే ఒకదానికొకటి తగిలి కటకటకటమని నవ్వుతాయి. అమ్మవారు ఇంట్లో ఉందనడానికి అదే గుర్తు.

ఆమె వెళ్లేరోజున ఆ కుచ్చుల్ని ఉన్నితాళ్లతో కట్టేస్తారు. మెట్ల మానుని నలుగురు మగవాళ్లు పట్టి తిప్పుతారు. మెట్లు గోడవైపుకి, నున్నటి వీపు బయటికి. ఇక ఏదీ పైకి ఎక్కలేదు. ఆమె తిరిగొచ్చేదాకా ఊళ్లో గొడ్డలి చప్పుడు ఉండదు, డోలు మోగదు, పక్కింటివాళ్లని కూడా గట్టిగా పిలవరు. గుడి ప్రహరీ రాయి దాటి ఒక్కరూ అడుగు పెట్టరు.

ఆ ఏడు, అంత నిశ్శబ్దంలో... బురుజు మీదనుంచి చప్పుడు వచ్చింది.

టక్... టక్... టక్.

కొయ్య మీద కొయ్య.

*

ఖిమీ వచ్చి దేవ్‌కూ ఇంటి గుమ్మంలో అడుగు పెట్టగానే ఉన్ని వడుకుతున్న తకిలీలన్నీ ఒక్కసారి ఆగాయి.

పొరుగింటి దేవ్‌కూ పొయ్యి దగ్గర కాస్త జరిగి చోటిచ్చింది. "రా పిల్లా, కూర్చో. నీ గురించే అనుకుంటున్నాం."

"మంచేనా ఒదినా?"

"మంచి మాట్లాడుకోడానికి మాఘం ఎందుకు? ఫాల్గుణం ఉందిగా."

ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఖిమీ నవ్వలేదు. వీపున కట్టుకున్న బిడ్డని ఒళ్లోకి తీసుకుని కూర్చుంది. బిడ్డ పేరు ఫూలా, ఇంకా మాటలు రాని పిల్ల. దేవ్‌కూ ఇచ్చిన అక్రోటు పలుకుని ఎడమ చేత్తో లాక్కుని నోట్లో పెట్టుకుంది.

"చూడు, అచ్చం నోఖు చెయ్యే," అంది ఒక ముసలావిడ. ఆ పేరు రాగానే అందరూ పొయ్యిలోకి చూశారు.

నోఖు రామ్ ఖిమీ మొగుడు, ఊరి వడ్రంగి. ఎడమచేతివాటం మనిషి. దేవి చూరుకి కొత్త కుచ్చులు కట్టే పని కార్తీకంలో అతనికే అప్పగించారు. మూడు వైపులా కొయ్యచీలలు కొట్టి బిగించేశాడు. నాలుగోది లోయ వైపు. ఆ వైపు కింద నేల లేదు, బురుజు గోడ తిన్నగా అగాధంలోకి దిగిపోతుంది. గోడలోంచి వాసాలు బయటికి తోసి, వాటిమీద నిలబడి పని మొదలుపెట్టాడు. మొదటి కుచ్చు అందుకోడానికి వసారాలో ఉన్న బుట్టవైపు వంగాడు. తెల్లవారుజామున పట్టిన మంచు వాసం మీద ఇంకా కరగలేదు.

కుచ్చుల బుట్ట వసారాలో ఉండిపోయింది. కొయ్యసుత్తి ఉండిపోయింది. అతనే లేడు.

ఆ వాసాలు లాగేశారు. లోయ వైపు చూరు బోసిగానే మిగిలింది. వసంతం వచ్చాక వేరే ఊరి వడ్రంగిని పిలుద్దామనుకున్నారు.

"వాడు పడింది అక్కడే," అంది ముసలావిడ పొయ్యితోనే చెబుతున్నట్టు. "చప్పుడొచ్చేదీ అక్కడే. మన ఊరి ఆడదాన్ని చేసుకోరా అంటే వింటేనా... కనుమ అవతలినుంచి తెచ్చుకున్నాడు. అక్కడివాళ్లకి ఏమేం విద్యలు వచ్చో మనకేం తెలుసు?"

"నాకు వంట కూడా సరిగ్గా రాదని మా అత్త ఊరంతా చెప్పిందిగా పెద్దమ్మా," అంది ఖిమీ. "విద్యలు ఎక్కడివి?"

ఎవరూ నవ్వలేదు. తకిలీలు మళ్లీ తిరిగాయి.

బయటికి వచ్చేసరికి గుడిపెద్ద ఝాబే రామ్ దారికడ్డంగా నిలబడి ఉన్నాడు. పక్కనే ఖిమీ అత్త మాఘీ కూడా ఉంది, చేతిలో గడ్డిమోపుతో.

"అమ్మాయ్, చాటున అనడం నాకు చేతకాదు," అన్నాడు గుడిపెద్ద, గొంతు తగ్గించి. "అమ్మవారు తిరిగొచ్చాక గూర్ ఒంటిమీదికి పూనకంగా వస్తుంది గదా, ఆయన నోటే అడుగుదాం. ఖాళీ ఇంట్లోకి ఎవరు దేన్ని పిలిచారో ఆమే చెబుతుంది. నీ పేరు వచ్చిందో... కనుమ దాటి మీ ఊరికి పో."

"బిడ్డ?"

"బిడ్డ నోఖు బిడ్డ. ఈ ఊరిది. ఇక్కడే ఉంటుంది."

ఖిమీ అత్తవైపు చూసింది. మాఘీ నోరు మామూలుగా ఒక్క క్షణం ఆగేది కాదు. కోడలు సిడ్డూ రొట్టెలు ఉడికిస్తే రాళ్లనేది, నీళ్లు తెస్తే ఆలస్యమనేది. ఆ సాయంత్రం మాత్రం గడ్డిమోపు సర్దుకుంది... కుంటుకుంటూ ఇంటివైపు నడిచింది.

ఇంట్లో తలుపు వేశాక ఖిమీ అడిగింది. "ఒక్క మాట అనలేదేం అత్తా?"

"అంటే ఏమొస్తుంది? నోరు నొప్పి."

*

అమ్మవారు తిరిగొచ్చే రోజు దగ్గర పడింది. ఆ రాత్రి మంచు పడి ఆగింది. ఖిమీకి నిద్ర లేదు. గూర్ నోట తన పేరు వస్తే బిడ్డ చేతులు తన మెడనుంచి ఎవరు విడదీస్తారు... దేవ్‌కూనా, అత్తా... అదే ఆలోచన.

అప్పుడు మళ్లీ వినిపించింది.

టక్... టక్...

"అత్తా," అంది చీకట్లోకి, "వింటున్నావా?"

చెయ్యి చాపి తడిమింది. కంబళి ఉంది. కంబళి కింద మనిషి లేదు. పక్క చల్లగా ఉంది.

ఖిమీ దిగ్గున లేచి కూర్చుంది. ఇంట్లో మిగిలిన ఒక్క పెద్ద దిక్కునీ ఆ చప్పుడు లాక్కుపోయిందా? రేపు దానికీ తన పేరే చెబుతారు. ఇక కూర్చుని వినడానికి ఏముంది? అదేమిటో కళ్లతో చూస్తే, కనీసం అది ఫలానాదని చెప్పగలుగుతుంది.

బిడ్డని ఒంటరిగా వదల్లేక ఉన్ని పట్టుతో వీపుకి కట్టుకుంది. బయటికి వచ్చింది.

కొత్త మంచుమీద గడ్డిచెప్పుల జాడ. ఒక అడుగు తిన్నగా, పక్క అడుగు ఈడుస్తూ. ఆ కుంటికాలు ఎవరిదో ఆమెకి తెలుసు. జాడ గొడ్లపాకలు దాటింది. నీటి తొట్టి దాటింది. గుడి ప్రహరీ రాయి దగ్గర ఆగి... దాటింది.

ఖిమీ కూడా దాటింది.

బురుజు చీకటికన్నా నల్లగా నిలబడి ఉంది. మూడు వైపులా కుచ్చులు ఉన్నితాళ్లు బిగించుకుని, నోరు నొక్కిన మనుషుల్లా వేలాడుతున్నాయి. గాలి ఉంది. వాటికి చప్పుడు లేదు. చప్పుడంతా అవతలి వైపు నుంచే.

మెట్ల మాను దగ్గరికి వచ్చి తడిమింది. నున్నటి వీపు తగలాలి.

వేళ్లు మెట్లలోకి దిగాయి.

మాను తిరిగి ఉంది. నలుగురు మగవాళ్లు ఊపిరి బిగబట్టి తిప్పిన మాను... మెట్లు బయటికి పెట్టుకుని, రమ్మన్నట్టు నిలబడి ఉంది.

వెనక్కి పోదామనుకుంది. వీపున ఫూలా మెదిలి, మెడమీద వెచ్చగా ఊపిరి వదిలింది. ఖిమీ చెప్పులు విప్పేసి మొదటి మెట్టు మీద కాలు పెట్టింది.

వసారాలో మూడు వైపులు చీకటి. మలుపు తిరిగితే లోయ వైపు... నేలమీద చిన్న వెలుగు. ఆ వెలుగు పక్కన ఏదో గొంతుక్కూర్చుని ఉంది. జుట్టు విరబోసుకుని ఉంది. చెయ్యి పైకి లేచింది, దిగింది.

టక్.

చెయ్యి ఆగింది. తల మెల్లగా ఇటు తిరిగింది. కిందనుంచి పడిన వెలుగులో రెండు గుంటలు, వాటి మధ్య ముక్కు.

"వచ్చావా," అంది అది. "తలుపు గొళ్లెం పెట్టావా లేదా? కుక్క పాలగిన్నెలో మూతి పెడుతుంది."

ఖిమీ అక్కడే కూలబడింది. "అత్తా... నువ్వా?"

"మెల్లగా. ఊరు లేస్తుంది."

మాఘీ ఒళ్లో కొయ్యసుత్తి. పక్కన నోఖు బుట్ట, అడుగున ఒకే ఒక్క కుచ్చు. ఖిమీ తలెత్తి చూసింది. బోసిగా ఉండాల్సిన చూరు నిండా కుచ్చులు వేలాడుతున్నాయి, ఆ చివరి మూల ఒక్కటి తప్ప.

"పని మధ్యలో వదిలిపోయిన వడ్రంగి ఎక్కడికీ పోలేడే," అంది మాఘీ, గుసగుసగా. "మా మామ చెప్పేవాడు. ఆ పని చుట్టూనే తిరుగుతాడు. అమ్మవారు ఇంట్లో ఉంటే వాణ్ణి చూరు దగ్గరికి రానివ్వదు. చచ్చినవాడు గదా, మైల. ఆమె లేని ఈ నాలుగు రోజులే వాడికి. అందుకే వచ్చాను. వాడు చెక్కినవి వాడి తరఫున నేను బిగిస్తే... వాడు వెళ్లిపోతాడని."

"ఊరంతా నన్ను అంటుంటే, విని ఊరుకున్నావు."

మాఘీ ఒళ్లో సుత్తిని అటూ ఇటూ తిప్పింది. "ఆడది ఇది ఎక్కకూడదు. చెబితే మధ్యలో ఆపేస్తారు. అంతా అయ్యాక చెబుదామనుకున్నా. ఇంకొక్కటే ఉంది."

"మాను ఎవరు తిప్పారు అత్తా?"

"నేను మొదటిరోజు వచ్చేసరికే అలా ఉంది. ఝాబే రామ్ మనుషులు తాగి మర్చిపోయుంటారు. వాళ్ల మొహాలకి అదొక్కటే తెలుసు."

ఖిమీకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇంతేనా. ఊరంతా తలుపులు బిడాయించుకుని వణికింది ఒక కుంటి ముసలమ్మ సుత్తికా.

చివరి మూల... అతను జారిపడిన మూల. ఖిమీ కుచ్చు తీసుకుంది. మాఘీ దీపం పట్టుకుని పక్కకి వచ్చింది. లోయలోంచి ఒక్క గాలి విసురు లేచింది, దీపం ఆరిపోయింది.

చీకటి. ఎంత చీకటంటే తన చెయ్యి తనకి కనపడలేదు.

"ఉండు," అంది మాఘీ గొంతు. "సుత్తి కింద పెట్టాను... ఎక్కడ పోయింది..."

ఖిమీ వసారా అడ్డుకొయ్య మీదికి వంగి, కుచ్చుని చూరువైపు ఎత్తి పట్టుకుంది. వీపున ఫూలా ఉన్నట్టుండి లేచి, ఎవర్నో చూసినట్టు రెండు చేతులూ ముందుకి చాచి గునిసింది.

ఒక చెయ్యి వచ్చి ఖిమీ వేళ్ల మీద పడింది. మంచుగడ్డలా ఉంది. రాత్రుళ్లన్నీ ఈ చలిలో కూర్చుంటే అత్త చెయ్యి ఇంకెలా ఉంటుందనుకుంది ఆమె. ఆ చెయ్యి కుచ్చుని మెల్లగా, జాగ్రత్తగా తీసుకుంది.

టక్... టక్... టక్.

తర్వాత ఏమీ లేదు. గాలి కూడా ఆగిపోయింది.

"అయింది," అంది మాఘీ.

"అయింది," అంది ఖిమీ.

ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని మెట్లు దిగారు.

*

అమ్మవారు తిరిగొచ్చిన పొద్దున ఊరంతా గుడి ముంగిట ఉంది. ఉన్నితాళ్లు విప్పారు. గాలి తగిలింది. మూడు వైపులు మోగాల్సిన చోట నాలుగు వైపులూ మోగాయి.

డోలు కొట్టేవాడి చేతులు ఆగిపోయాయి.

ఝాబే రామ్ మొహం తెల్లబోయింది. మాను చూశాడు. మెట్లు గోడవైపే ఉన్నాయి, తాము తిప్పిపెట్టినట్టే. అది చూశాక ఆయన గొంతు ఇంకా గట్టిపడింది.

"మానవుడు ఎక్కడానికి దారి లేదు. ఎక్కింది మానవులు కాదు. దాన్ని పిలిచింది ఎవరో గూర్ నోట వినేదాకా ఎందుకు? ఖిమీ, బిడ్డని దేవ్‌కూ చేతికి ఇయ్యి."

దేవ్‌కూ చేతులు చాచింది. ఖిమీ బిడ్డని గుండెకి అదుముకుని ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఆగవయ్యా," అంది మాఘీ.

కుంటుకుంటూ ముందుకి వచ్చి నిలబడింది. "ఎక్కింది నేను. బిగించింది నేను. నా కొడుకు పని నేను చేశాను. వెలెయ్యాలంటే నన్ను వెయ్యి. దాని జోలికి రాకు."

ఝాబే రామ్ నవ్వాడు. "కోడలి మీద ప్రేమ ఇవాళే పుట్టిందా పిన్నీ? మెట్టు ఎక్కితే ఆయాసపడే దానివి, చూరుకి కుచ్చులు కడతావా?"

"ఒక్క చివరిది తప్ప అన్నీ నేనే. అది నా చేతికి అందలేదు. కోడలు కొట్టింది."

ఖిమీ తల తిప్పి అత్తని చూసింది.

"నేను కొట్టలేదు అత్తా," అంది మెల్లగా. "నీ చేతికే ఇచ్చాను గదా. నువ్వే కొట్టావు."

"నాకెక్కడ ఇచ్చావు? నేను సుత్తి కోసం కింద తడుముకుంటున్నా. చప్పుడు విని నువ్వు తీసుకున్నావనుకున్నా..."

ఆ మాట అక్కడితో ఆగిపోయింది. ఖిమీ తన కుడిచేతి వేళ్లవైపు చూసుకుంది.

అప్పుడు ముసలి తులే రామ్ కర్ర పక్కన పెట్టాడు. నోఖుకి ఉలి పట్టడం నేర్పింది ఆయనే. "నేను చూసి వస్తాను," అన్నాడు. మానుని మళ్లీ నలుగురు పట్టి తిప్పారు. నడుముకి తాడు కట్టించుకుని పైకి ఎక్కాడు. లోయ వైపుకి తిరిగాక ఆయన కనపడలేదు. చాలాసేపు కనపడలేదు.

దిగి వచ్చేసరికి ఆయన గుప్పిట్లో కొన్ని కొయ్యచీలలు ఉన్నాయి. వంకరగా, మొనలు నలిగి.

"ఇవి మాఘీ కొట్టినవి," అన్నాడు. "లోపలి వైపునుంచి. గోరంత లోతు కూడా దిగలేదు, ముట్టుకుంటే రాలిపోయాయి."

"మరి కుచ్చులు పడలేదేం?" అన్నాడు ఝాబే రామ్.

"వాటిని పట్టుకున్నవి ఇవి కాదు. బయటి వైపునుంచి దిగిన చీలలు. లోయ మీదనుంచి."

బయటి వైపు కాలు పెట్టడానికి ఏమీ లేదని అక్కడ ఉన్న ప్రతివాడికీ తెలుసు.

"నోఖు... పడకముందు కొట్టినవేమో," అన్నాడు ఝాబే రామ్.

"అమ్మవారు వెళ్లేరోజున ఆ చూరు బోసిగా ఉండడం నువ్వు చూడలేదా?" తులే రామ్ కుడిచేతి వేళ్లు చాచాడు. వేళ్లకి దేవదారు జిగురు తీగలు సాగుతోంది. "కార్తీకంలో కొట్టిన చీల ఇంకా తడిగా ఉంటుందా? వంగి చేత్తో తడిమి చూశాను. తలలన్నీ ఒకే వైపుకి నలిగి ఉన్నాయి. ఎడమ చేతి దెబ్బ."

ఆ మాటకి గూర్ ఒళ్లు ఒక్కసారి జలదరించింది. జడలు విప్పుకుని ముందుకి వచ్చాడు. ఆ గొంతు ఆయనది కాదు.

"నా ఇంటి పని ముగిసింది. పనివాడు వెళ్లిపోయాడు. వాడి ఇంటి గడప జోలికి పోకండి."

దేవ్‌కూ చాచిన చేతులు దించేసుకుంది. ఝాబే రామ్ తలపాగా తీసి చేత పట్టుకున్నాడు. పైన నాలుగు చూర్లూ కటకటకటమని మోగుతూనే ఉన్నాయి.

జనం చెదిరిపోయాక కూడా మాఘీ కదల్లేదు. కోడలి కుడిచేతిని రెండు చేతుల్లోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది.

"అన్ని రాత్రుళ్లు కూర్చున్నానే," అంది. "అవతల చెయ్యి చాపే దూరంలో ఉన్నాడు. నా చెయ్యి ఒక్కసారి కూడా తాకలేదు వాడు." ఎవరూ వినకుండా అడిగింది. "ఎలా ఉందే... వాడి చెయ్యి? చల్లగా ఉందా?"

ఖిమీ వేళ్లకి ఆ చలి ఇంకా వదల్లేదు. ఆ రాత్రినుంచీ పొయ్యి దగ్గర పెట్టుకున్నా వదల్లేదు.

"లేదత్తా," అంది. "వెచ్చగానే ఉంది."